ఫ్రాన్స్ పేటలో ఓ గది ఆత్మకథ

దుబాయ్ ఊరి శివార్లలో, డ్రాగన్ మార్ట్ పక్కనే ఇంటర్నేషనల్ సిటీ ఉంది. అక్కడి పేటలకు దేశాల పేర్లు: చైనా, రష్యా, స్పెయిన్, మొరాకో, పర్షియా. ఫ్రాన్స్ అనే పేటలో మూడో అంతస్తులోని 480 చదరపు అడుగుల స్టూడియో ఫ్లాట్ ఒకటి తన కథ చెప్పుకుంటోంది. ఒకే గది, గోడవారగా వంటగట్టు, స్నానాల గది, చిన్న బాల్కనీ. పట్టాలోనూ అద్దె ఒప్పందంలోనూ దాన్ని అందరూ ‘యూనిట్’ అనే రాశారు. అందుకే తనను తాను ‘ఈ గది’ అని చెప్పుకోవడమే దానికి అలవాటు.

విదేశీయులు దుబాయ్‌లో సొంతంగా ఇల్లు కొనుక్కోవచ్చన్న ప్రకటన 2002లో వచ్చింది. దానికి గట్టి చట్టబలం దక్కింది మాత్రం 2006 నాటి 7వ నంబరు రిజిస్ట్రేషన్ చట్టంతోనే. ఇటు మన రిజర్వు బ్యాంకు 2004లో లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీం తెచ్చి, మనిషికి ఏడాదికి 25 వేల డాలర్ల దాకా బయటికి పంపుకోనిచ్చింది. 2007 సెప్టెంబరుకల్లా ఆ పరిమితి 2 లక్షల డాలర్లకు పెరిగింది. ఈ రెండూ కలిసిరాకపోతే, హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ దంపతుల చేతికి 2008 మొదట్లో ఈ గది తాళాలు వచ్చేవి కావు.

ధర 4,50,000 దిర్హాంలు. అప్పుడు దిర్హాం పది రూపాయల డెబ్బై పైసలు. అంటే సుమారు 48 లక్షలు. మొదటి ఏడాది అద్దె 45 వేల దిర్హాంలు. పది శాతం రాబడి అని ఆ దంపతులు సంబరపడ్డారు. దగ్గర్లోని మురుగునీటి శుద్ధి కేంద్రం నుంచి గాలి ఇటు తిరిగినప్పుడు వచ్చే వాసన గురించి వాళ్లకు అమ్మకం నాడు ఎవరూ చెప్పలేదు.

ఆ ఏడాది చివర్లోనే ప్రపంచ ఆర్థిక సంక్షోభం దుబాయ్‌ని తాకింది. 2009 నవంబరులో దుబాయ్ వరల్డ్ సంస్థ అప్పుల చెల్లింపుకు గడువు కోరడంతో మార్కెట్ మరింత కుదేలైంది. ఈ గదిలో ఉన్న జంట ఉద్యోగాలు పోయి, సామాను అమ్ముకుని వెళ్లిపోయింది. నెలల తరబడి కరెంటు లేకుండా పడి ఉన్నాక, 2011లో 20 వేల దిర్హాంల అద్దెకు ఒక మనిషి దొరికాడు.

ఆయనది జగిత్యాల జిల్లాలో ఒక పల్లె. గోదాములో సూపర్‌వైజరు. ఒప్పందం ఆయన పేరు మీదే ఉన్నా, గదిలో ఉన్నది నలుగురు. రెండు అంతస్తుల ఇనుప మంచాలు రెండు, నాలుగు ట్రంకు పెట్టెలు, ఒకటే స్టవ్వు. శుక్రవారం వచ్చిందంటే చింతపండు పులుసు వాసనతో ఈ గది నిండిపోయేది. దుబాయ్‌లో అద్దె సాధారణంగా నెలనెలా ఇవ్వరు. ముందు తేదీలు వేసిన చెక్కులుగా ఒకేసారి ఇస్తారు. చెక్కు బౌన్స్ అయితే ఆ రోజుల్లో క్రిమినల్ కేసే. ఆ నిబంధన సడలింది 2022 జనవరిలో. అందుకే చెక్కు తేదీకి ముందు రాత్రి నలుగురూ నేల మీద కూర్చుని నోట్లు లెక్కపెట్టుకునేవారు. ఒకరికి జీతం ఆగితే మిగతా ముగ్గురు సర్దేవారు. ఈ గది రాబడి అని హైదరాబాద్‌లో రాసుకున్న అంకె వెనక ఆ నలుగురి ఓవర్‌టైమ్ ఉంది.

యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా ఇంకొకరికి చోటివ్వడం అద్దెచట్టం ప్రకారం ఖాళీ చేయించడానికి తగిన కారణమే. డాక్టర్‌గారు ఒకసారి వచ్చి మంచాలు చూశారు, కోప్పడలేదు. నలుగురి పేర్లూ రాయించుకుని అనుమతి కాగితం ఇచ్చి వెళ్లారు. ఆ తర్వాత ఫోన్లో మాటలు ఇలా సాగేవి:

“డాక్టర్ సాబ్, ఏసీల నుంచి నీళ్లు కారుతున్నయ్. ఎండలు ముదరకముందే మెకానిక్‌ను పంపుండ్రి.”

“రేపే పంపిస్తానయ్యా. బిల్లు నాకు పంపించు.”

2014 నాటికి అద్దె మళ్లీ 38 వేలకు ఎక్కింది. 2020లో 24 వేలకు దిగింది. కొవిడ్‌లో గోదాము మూతపడి ఆ నలుగురూ హైదరాబాద్ విమానం ఎక్కారు.

2024లో డాక్టర్ దంపతులు ఈ గదిని 5 లక్షల దిర్హాంలకు అమ్మారు. పదహారేళ్లలో దాని ధర పెరిగింది పదకొండు శాతమే. కానీ 1997 నుంచి దిర్హాం డాలరుకు కట్టుబడి ఉంది, రూపాయి జారుతూ వచ్చింది. దిర్హాం 22 రూపాయల 70 పైసలకు చేరింది కాబట్టి, 48 లక్షలు పెట్టినవాళ్లకు కోటీ పదమూడు లక్షలు వచ్చాయి. చుట్టాలంతా దుబాయ్ గొప్పదనాన్ని మెచ్చుకున్నారు. ఈ గది మాత్రం అందులో తన వాటా కొంచెమేనని నిజాయితీగా ఒప్పుకుంటుంది. ఆ లాభంలో అత్యధిక భాగం రూపాయి పతనం ఇచ్చింది.

కొన్నావిడ విశాఖపట్నం సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ధర మీద ల్యాండ్ డిపార్ట్‌మెంట్ రుసుము 4 శాతం, అంటే 20 వేలు. బ్రోకరుకు 2 శాతం, దాని మీద వ్యాట్ కలిపి 10,500. రిజిస్ట్రేషన్ ట్రస్టీ కార్యాలయానికి 4,200. మొత్తం 5,35,000 దగ్గర తేలింది. అసలు దెబ్బ మన దేశంలోని బ్యాంకులో తగిలింది. 2023 అక్టోబరు నుంచి 2025 మార్చి దాకా, 7 లక్షల రూపాయలు దాటి బయటికి పంపే సొమ్ము మీద 20 శాతం టీసీఎస్ (పంపేటప్పుడే ముందుగా పట్టుకునే పన్ను) వసూలు చేసేవారు. కోటీ ఇరవై ఒక్క లక్షలు పంపడానికి ఆవిడ దాదాపు 23 లక్షలు అదనంగా కట్టాల్సి వచ్చింది. రిటర్నులో సర్దుబాటు అవుతుంది, నిజమే, కానీ అందాకా ఆ డబ్బు చేతిలో ఉండదు.

బ్రోకరు చెప్పిన రాబడి 8.4 శాతం: 42 వేల అద్దె, 5 లక్షల ధర. ఈ గది తన లెక్క తానే చెబుతుంది. భవన నిర్వహణకు చదరపు అడుగుకు 10 దిర్హాంల చొప్పున 4,800. చెక్కులు తీసుకుని ప్లంబర్‌ను పంపే సంస్థకు 2,500. మరమ్మతులకు 2 వేలు. మిగిలింది 32,700. పెట్టిన మొత్తం మీద 6.1 శాతం. దుబాయ్‌లో వ్యక్తుల అద్దె మీద ఆదాయపు పన్ను లేదు. కానీ భారత్‌లో నివాసి అయిన మనిషి ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా ఇక్కడ పన్ను కట్టాలి. అద్దెలో 30 శాతం ప్రామాణిక మినహాయింపు ఇచ్చి, మిగతాదాని మీద వేస్తారు. నిర్వహణ ఖర్చులు విడిగా తీసేసుకోనివ్వరు. 30 శాతం శ్లాబులో ఉన్న ఆవిడకు సెస్సుతో కలిపి పన్ను 9,170 దిర్హాంలు. చివరికి చేతికొచ్చేది 4.4 శాతం. గది ఖాళీగా ఉన్న నెలలు ఇందులో లేవు.

ఇంకో కాగితాన్ని చాలామంది మర్చిపోతారు. ఆదాయపు పన్ను రిటర్నులో షెడ్యూల్ ఎఫ్ఏ అనే చోట ఈ గది వివరం రాయాలి. అద్దె వచ్చినా రాకపోయినా రాయాల్సిందే. దాచితే 2015 నాటి నల్లధన చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా పడొచ్చు. విశాఖ ఆవిడ ఆడిటరు దగ్గర అదే మొదట రాయించింది.

ఇప్పుడు గదిలో, అమ్మకానికి ముందు నుంచీ, ఉన్నది కడప జిల్లా నర్సు, ఆమె భర్త. యజమాని మారినంత మాత్రాన గడువున్న అద్దె ఒప్పందం చెదరదు. ఒప్పందం దుబాయ్ అద్దె ఒప్పందాల నమోదు వ్యవస్థ ఎజారీలో నమోదై ఉంది. కొత్త యజమానికి మాత్రం అద్దె 50 వేలు చేయాలనిపించింది. నర్సు ఫోన్లో నెమ్మదిగానే చెప్పింది: “మేడమ్, మేం కాదనడంలేదు. ఇండెక్స్‌లో ఎంత చూపిస్తే అంత పెంచండి.”

ఇండెక్స్ అంటే ల్యాండ్ డిపార్ట్‌మెంట్ చూపే సగటు అద్దెల పట్టిక; దాన్ని బట్టి ఎంత పెంచొచ్చో 2013 నాటి 43వ నంబరు డిక్రీ కొలత పెట్టింది. ఉన్న అద్దె మార్కెట్ సగటు కంటే 10 శాతం దాకా తక్కువైతే పెంపు లేదు. 11 నుంచి 20 శాతం తక్కువైతే 5 శాతం పెంచొచ్చు. ఆ పైన మెట్లు మెట్లుగా, ఎంత చేసినా 20 శాతమే గరిష్ఠం. 90 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పెంచనివ్వలేదని ఖాళీ చేయించడమూ కుదరదు; అద్దెదారు తప్పు లేనప్పుడు, అమ్మకం, సొంత వాడకం లాంటి కారణాలుంటేనే, నోటరీ ద్వారానో రిజిస్టర్డ్ పోస్టులోనో 12 నెలల ముందు నోటీసు ఇచ్చి ఖాళీ చేయించాలి.

ఇండెక్స్‌లో సగటు 48 వేలు చూపింది. ఉన్న అద్దె అంతకు పన్నెండున్నర శాతం తక్కువ. విశాఖ ఆవిడ లెక్క చూసుకుని 50 వేల మాట వదిలేసింది. నర్సు 11,025 దిర్హాంల చొప్పున నాలుగు చెక్కులు రాసింది. కొత్త ఒప్పందంలో ఏసీ మరమ్మతు ఖర్చు యజమానిదేనని ఒక వాక్యం చేర్పించుకుంది కూడా.