ఒక్క పదవీకాలంలో పచ్చదనం: ఎనిమిది చిట్కాలు

అశోకుడు దారుల వెంట మర్రిచెట్లు నాటించాడని బడిలో వల్లె వేయని తెలుగువాడు లేడు. ఆ చక్రవర్తి చేసిన పొరపాటేమిటో మాత్రం ఏ పంతులుగారూ చెప్పలేదు. మర్రి గొడుగు పట్టాలంటే ఒక తరం గడవాలి. ఆయనకు ఎన్నికలు లేవు, బదిలీలు లేవు, ఆర్థిక సంవత్సరం ముగింపు అంతకన్నా లేదు. కాబట్టి చెల్లింది. మీకు చెల్లదు.

నగరంలోకి వచ్చే పెద్ద రహదారులను అందంగా తీర్చిదిద్దే బాధ్యత కొత్తగా నెత్తిన పడిన అధికారుల కోసం ఈ చిట్కాలు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డునే తీసుకోండి. 158 కిలోమీటర్లు, ఎనిమిది వరసలు, గంటకు 120 కిలోమీటర్ల దాకా వేగానికి అనుమతి. ఆ వేగంలో కారు సెకనుకు 33 మీటర్లు పోతుంది. మీ చెట్టు చూసేవాడి కంట్లో రెప్పపాటు కూడా నిలవదు. అది ఏ చెట్టో, బతికే ఉందో లేదో ఎవరికీ తెలియదు. పచ్చగా ఉందా లేదా అన్నదే తెలుస్తుంది. ఈ ఒక్క సూత్రం ఒంటబట్టించుకుంటే మిగతాదంతా సులువు.

1. ఊరి చెట్లను దగ్గరకు రానివ్వకండి

వేప, కానుగ, చింత, నేరేడు, రావి. వీటికి క్రమశిక్షణ లేదు. తమకు తోచినప్పుడు ఆకు రాలుస్తాయి, తోచినప్పుడు చిగురిస్తాయి. నేరేడు కాయడం మొదలుపెడితే పిల్లలు చేరతారు, పిట్టలు చేరతాయి, కింద రోడ్డంతా ఊదా మరకలు. ఇక వేప సంగతి. 2021లో శిలీంధ్రం సోకి తెలంగాణ అంతటా వేపకొమ్మలు మాడిపోయినట్టు ఎండాయి. చెట్లు చచ్చిపోతున్నాయని జనం కంగారుపడుతుండగానే చాలా చెట్లు మళ్ళీ చిగుళ్ళు వేశాయి. ఇలా చచ్చి బతికే చెట్టును నివేదికలో ఏ గడిలో రాస్తాం?

2. కనీవినీ ఎరుగని, ఎవరికీ పనికిరాని మొక్కను ఎంచుకోండి

ఈ విషయంలో కోనోకార్పస్‌ను మించింది రాలేదు. గల్ఫ్ నగరాల ఎండల్లో ఆరితేరిన మొక్క. తినదగ్గ పండు లేదు, ఏరుకునేవాడూ లేడు. కత్తిరిస్తే శంఖువులా, వదిలేస్తే గోడలా, ఏడాది పొడుగునా ఒకే పచ్చ. దాని వేళ్ళు నీటి కోసం పైపుల్లోకీ కేబుళ్ళ మధ్యకూ దూరతాయనీ, పుప్పొడి వల్ల ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఇబ్బంది అనీ తర్వాత అన్నారు. తెలంగాణలో నాటడం ఆపేశారు. గుజరాత్ 2023లో నిషేధించింది. కానీ గమనించండి, ఇవన్నీ వరసలు వరసలుగా నాటేశాక వచ్చిన మాటలు. రేపు మీరు ఎంచుకునే మొక్కకూ తీర్పు రావడానికి ఏళ్ళు పడుతుంది. ఆలోగా మీరు వేరే శాఖలో స్థిరపడి ఉంటారు.

3. మొక్క పెద్దది, గుంత చిన్నది

కడియం నర్సరీల నుంచి మనిషెత్తు మొక్కలను లారీల్లో తెప్పించండి. దించిన రోజే రోడ్డు పచ్చబడిపోవాలి. గుంత మాత్రం గడ్డపార నాలుగు పోట్లకు తేలిపోవాలి. రోడ్డు పక్కన ఉండేది మట్టి కాదు. రోలరు కింద గట్టిపడిన మొరం, కంకర, కూల్చిన గోడల పెళ్ళలు. దాన్ని లోతుగా తవ్వి, చెత్త ఏరేసి, మంచి మట్టీ ఎరువూ నింపాలని పుస్తకాలంటాయి. పుస్తకాలు రాసినవాళ్ళకు బిల్లులు పెట్టే పని లేదు.

ప్లాస్టిక్ సంచి విప్పడం కూడా వృథా శ్రమ. సంచితోనే దింపండి. లోపల వేళ్ళు చుట్టలు చుట్టుకుంటాయి, నిజమే. కొన్నేళ్ళకు గాలివానలో చెట్టు పడిపోయినప్పుడు, అంత మానుకు పళ్ళెమంత వేరుముద్ద బయటపడుతుంది. దాన్ని ప్రకృతి వైపరీత్యం కింద రాయవచ్చు.

4. మొదలు దాకా సిమెంటు వేయించండి

మట్టి కనిపిస్తే మురికి. చెట్టు మొదలుకు ఆనేలా టైల్స్ పరిస్తే చూపు జారిపోవాలి. చెట్టు చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు ఉండకూడదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2013లోనే ఢిల్లీ విషయంలో ఆదేశించింది. నీరు ఇంకాలట, వేరు ఊపిరి పీల్చాలట. అది ఢిల్లీ. మన చెట్లు గట్టివి.

ఆపైన కాండానికి సున్నం, జాజు పట్టీలు పూయించండి. మేకులు దిగ్గొట్టి ఫ్లెక్సీలు కట్టనివ్వండి. రాత్రిళ్ళు మెరిసేలా ఎల్ఈడీ తీగ బిగించి చుట్టించండి. చెట్టు లావెక్కుతుందని, తీగ లావెక్కదని గుర్తుచేసే వాళ్ళుంటారు. వాళ్ళను కమిటీలో వేయకండి.

5. డివైడర్‌లో పనికొచ్చే మొక్కను పీకేయండి

అక్కడ గన్నేరు పెంచడానికి ఒక కారణముంది. ఎదుటి బండి హెడ్‌లైటు డ్రైవరు కళ్ళలో పడకుండా అది అడ్డం నిలుస్తుంది. విషపు మొక్క కాబట్టి పశువులు ముట్టవు. తక్కువ నీళ్ళతో ఎండను తట్టుకుని పూస్తుంది. ఇన్ని సుగుణాలున్నా ఫొటోలో గొప్పగా ఉండదు. దాని స్థానంలో రాయల్ పామ్‌లు దించండి. నీడా ఇవ్వవు, హెడ్‌లైటునూ ఆపవు. విమానాశ్రయం దారి కళ మాత్రం వచ్చేస్తుంది.

అంతగా పొదలే కావాలంటే యూటర్న్‌ల దగ్గర గుబురుగా పెంచండి. తిరిగే బండివాడికి ఎదురొచ్చే లారీ చివరి క్షణం దాకా కనిపించకూడదు. ఇక మలుపు బయటి అంచున, తారుకు ఆనుకుని, బాగా లావెక్కే చెట్టు నాటండి. రోడ్డు ఇంజనీర్లు పది సెంటీమీటర్ల లావు దాటిన కాండాన్ని ప్రమాదకర అడ్డంకిగానే లెక్కేస్తారు. అందం తెలియని జాతి.

6. డబ్బంతా నాటడానికే ఖర్చు పెట్టండి

2015 నాటి హరిత రహదారుల విధానం జాతీయ రహదారి ప్రాజెక్టు వ్యయంలో ఒక శాతాన్ని మొక్కల కోసం పక్కన పెట్టమంది. ఆ శాతం మొత్తం మొదటి వానాకాలంలోనే అవజేయండి. మొక్కకు మొదటి రెండు మూడు వేసవులే గండమనీ, నీళ్ళకూ పాదులకూ కాపలాకూ డబ్బు మిగలాలనీ తోటమాలి ఎవరైనా చెబుతాడు. తోటమాలితో ఫొటో దిగవచ్చు, సలహా అడగకూడదు.

తప్పనిసరై నీళ్ళు పోయించాల్సి వస్తే డ్రిప్పు జోలికి పోవద్దు, అది ఎవరికీ కనిపించదు. ట్యాంకరు పెట్టండి. ఎండ మండే మధ్యాహ్నం, డివైడర్ పక్క వరసలో, అంటే అందరికన్నా వేగంగా పోయేవాళ్ళ వరసలో, నిలిపి పోయించండి. వెనక హెచ్చరిక బోర్డు అక్కర్లేదు. అంత పెద్ద ట్యాంకరు కనపడదా?

7. నాటినవి లెక్కించండి, బతికినవి కాదు

వనమహోత్సవం 1950లో మొదలైంది. అప్పటినుంచీ ఏటా జులైలో నాటుతూనే ఉన్నాం. ఇన్నేళ్ళ అనుభవం నేర్పిన పాఠం ఒకటే: గుంత శాశ్వతం, మొక్క తాత్కాలికం. ఒకే గుంతలో ఐదు వానాకాలాలు నాటితే ఐదు మొక్కలు. కాగితం మీద అది అడవి.

తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టంలో ఒక చిక్కుంది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలట, లేకుంటే సర్పంచీ కార్యదర్శీ జవాబు చెప్పాలట. ఆ తిప్పలన్నీ పల్లెకు. రింగ్ రోడ్డుకు సర్పంచి లేడు.

8. ఎవరూ ఏడవని చెట్టే మంచి చెట్టు

అన్నిటిలోకీ ముఖ్యమైన చిట్కా ఇది. హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్ళే దారిలో మొయినాబాద్, చేవెళ్ళ మీదుగా మన్నెగూడ దాకా తొమ్మిది వందలకు పైగా మర్రులుండేవి. నిజాం కాలంలో నాటించారని చెబుతారు. వాటిని నాటించినవాడు నీడ ఎవరిమీద పడుతుందో ఆలోచించాడే గానీ, రోడ్డు వెడల్పు చేసేవాడి అవస్థ ఆలోచించలేదు. ఏమైంది? కొట్టేస్తామనగానే జనం చెట్ల కింద చేరారు. ఒక్కో మానునూ లెక్కపెట్టారు. వ్యవహారం హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్ళింది. పనులు ఏళ్ళకేళ్ళు నిలిచాయి.

తప్పెక్కడుంది? ఆ చెట్ల కింద మనుషులు ఆగారు. సద్ది విప్పుకున్నారు, బస్సు కోసం నిలబడ్డారు, కూరగాయలు అమ్ముకున్నారు. ఆగనిస్తే అనుబంధం, అనుబంధముంటే కోర్టు. కాబట్టి మీ మొక్కల దగ్గరికి నడిచి వెళ్ళే దారి ఉండకూడదు. చుట్టూ కంచె వేయండి. నీడ పడని జాతి ఎంచుకోండి. రేపు రాత్రికి రాత్రి తీసేసినా, తెల్లారి ఎవరికీ ఏదో పోయినట్టు అనిపించకూడదు. అప్పుడే మీ పచ్చదనం నిర్విఘ్నంగా సాగినట్టు.

సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: చెట్లు నాటితే పక్క కాలనీకి ట్రాఫిక్ మోత తగ్గుతుందా?
జవాబు: ఒక వరసతో చెవికి తెలిసేంత తగ్గదు. పొదలూ చెట్లూ కలిసి దట్టంగా ముప్పై మీటర్ల మందాన పట్టీ ఉంటే కొంత తగ్గుతుంది. కానీ ముప్పై మీటర్ల ఖాళీ స్థలం చేతిలో ఉంటే అందులో మొక్కలేమిటండీ, ఇంకో నాలుగు లేన్లు వేయక!

ప్రశ్న: సర్వీసు రోడ్డు పక్కన ఎండలో బస్సు కోసం నిలబడేవాళ్ళకు ఏ చెట్టు మంచిది?
జవాబు: ఈ చిట్కాలు రహదారి అందం గురించి. నిలబడేవాళ్ళు ఆ అందంలో భాగం కారు.

ప్రశ్న: పెద్ద చెట్టును కొట్టకుండా క్రేనుతో వేరేచోటికి మార్చవచ్చు కదా?
జవాబు: భేషుగ్గా. కొమ్మలన్నీ నరికి, వేళ్ళు కోసి, మోడును లారీ ఎక్కించే దృశ్యం టీవీలో బాగా వస్తుంది. మళ్ళీ చిగిర్చిందో లేదో చూడటానికి కెమెరా రెండోసారి రాదు.

ప్రశ్న: మీ చిట్కాలన్నీ పాటించినా, ఖర్మ చాలక ఒక చెట్టు బతికి, పెరిగి, నీడ కూడా ఇస్తోంది. ఏం చేయాలి?
జవాబు: కంగారు పడకండి. ఆ రోడ్డు వెడల్పు చేసే ఫైలు ఏదో ఒక బీరువాలో ఉండే ఉంటుంది. వెతికించండి.