బ్యాటరీ వేసిన సిద్ధాంజనం

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వచ్చిన మా మేనల్లుడు, కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం చూస్తూ నాకో శుభవార్త చెప్పాడు. "మావయ్యా, ఇంకో ఐదేళ్ళు ఆగు. కంట్లో లెన్స్ పెట్టుకుంటే చాలు, ఏ ప్రభ ఏ ఊరిదో దాని పక్కనే పేరు పడుతుంది." కౌశిక నది దాటుకుని వస్తున్న గంగలకుర్రు ప్రభని చూసి, అది ఏ ఊరిదో తెలియనివాడు ఆ తోటంతటికీ ఒక్కడే. వాడే ఈ వార్త మోసుకొచ్చాడు.

నాకిది కొత్త సరుకేం కాదు. మా చిన్నప్పుడు అంజనం వేసేవాడు తమలపాకు మీద కాటుక పూసి, పోయిన గొలుసు ఎవరింట్లో ఉందో చూపిస్తాననేవాడు. అందులో మేలురకం సిద్ధాంజనం. కంటికి రాసుకుంటే భూమిలో లంకెబిందెలు కూడా కనపడతాయట. ఒకటే చిక్కు, ఎదురుకాళ్ళతో పుట్టినవాడికే కనపడుతుంది. నీకు కనపడలేదంటే తప్పు అంజనానిది కాదు, నీ పుట్టుకది. ఈ లెన్సూ అంతే. పెట్టుబడి పెట్టినవాళ్ళకి కనపడినంత స్పష్టంగా ఇంకెవరికీ కనపడలేదు.

పోనీ అసలు కుదరదా అంటే, కుదురుతుంది. ముక్కలుముక్కలుగా. 2011లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో బాబక్ పర్విజ్ బృందం ఒకే ఒక్క చుక్క వెలిగే లెన్స్ చేసి కుందేలు కంట్లో పెట్టింది. దానికి కరెంటు తీగ లేకుండా గాల్లోంచి అందాలి. బయట మీటరు దూరం నుంచి అందిన కరెంటు, కుందేలు కంటి మీదికి వెళ్ళేసరికి రెండు సెంటీమీటర్లకి పడిపోయింది. కుందేలు మీసమే అంతకంటే పొడుగు.

2022 జూన్‌లో కాలిఫోర్నియాలోని మోజో విజన్ అధిపతి డ్రూ పెర్కిన్స్ తమ లెన్స్‌ని తన కంట్లోనే పెట్టుకున్నాడు. ఆ తెగువకి దణ్ణం. అర మిల్లీమీటరు తెర, అంగుళానికి 14,000 చుక్కలు, బ్యాటరీలు, రేడియో, కన్ను ఎటు తిరిగిందో పసిగట్టే సెన్సర్లు, అన్నీ అందులోనే. పైగా మెడలో ఇంకో యంత్రం. ఏడు నెలలు తిరిగేసరికి, 2023 జనవరిలో, లెన్స్ పని పక్కన పెట్టి ముప్పాతిక వంతు సిబ్బందిని ఇంటికి పంపించారు. ఇక లోపలి బుల్లి తెరలే వ్యాపారం అన్నారు. కాయ కుళ్ళితే పీచు అమ్ముకోవడం మా అంబాజీపేట కొబ్బరివాళ్ళకి ఒకరు నేర్పాలా!

మన పెద్దవాళ్ళు ఎప్పుడో అన్నారు, కంటి కాటుక కంటికి కనపడదని. లెన్స్ మీద ఏం రాసినా అంతే, అంత దగ్గరి వస్తువు మీద చూపు నిలవదు. నాకైతే చత్వారం వచ్చాక సెల్‌ఫోనే చెయ్యంత దూరం పెడితేగాని ఆనదు. అందుకని వెలుగుని నేరుగా లోపలికి కొట్టే బుల్లి ప్రొజెక్టరు కావాలి. సరే, కొట్టారు. కంటితోపాటే అతుక్కుని కదిలే బొమ్మ కాసేపటికే మాయమైపోతుంది. మన రక్తనాళాల నీడ పుట్టినప్పటినుంచీ రెటీనా మీద పడుతూనే ఉంది, ఎవరికైనా కనిపించిందా? కాబట్టి సెకనుకి మూడుసార్లు గెంతే కంటిని వెంటాడుతూ బొమ్మని జరుపుతూ ఉండాలి. దానికి కరెంటు, కరెంటుకి వేడి. ఈ సంతంతా కార్నియా మీద. దానికి రక్తనాళాలు లేవు, కన్నీటిలోంచి గాలి పీల్చుకుని బతికే పొర అది. ఎవరో పోతూపోతూ దానం చేస్తేగాని దొరకదు. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రుల్లో 2023 నాటికి 50,000 సార్లు అలా దానం వచ్చిన పొరే మార్చారు. దాని మీద మనం వాట్సాప్ మెసేజీల కోసం బ్యాటరీ బిగిస్తాం.

ఇంకో సుఖం కూడా ఉంది. తెర రెప్పకి లోపలివైపు ఉంటుంది గనక, కళ్ళు మూసుకున్నా బొమ్మ ఆగదు. పులస కూరతో భోంచేసి అరుగు మీద నడుం వాలిస్తే, రెప్ప వెనకాల అపార్ట్‌మెంట్ల ప్రకటన.

మర్నాడు మా కొబ్బరితోటలో దింపు. దింపు తీసే ఆయన నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఒక్కసారి పైకి చూసి, "మూడు గెలలు ముదిరాయండి, నాలుగోది ఇంకో నెలండి" అని ఎక్కేశాడు. పైనుంచి ఎండుమట్ట, పుప్పొడి, దూగర రాలుతుంటే మావాడు కింద నిలబడి తలెత్తి లెన్స్ సంగతంతా ఆయనకీ చెప్పాడు, అందులో ముదిరిన గెలకి ఎర్ర గుర్తు పడుతుందని కూడా. ఆయన దిగి, తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

"ఆయ్. బానే ఉందండి. అందులో నలుసు పడితే ఏం చేత్తారండీ?"

"అది సెకండ్ వెర్షన్‌లో చూస్తారు" అన్నాడు మావాడు, కన్ను నులుముకుంటూ.