తాళపు పద్యానికి టీకా తాత్పర్యం

మూలం:

తాళమూని నిద్ర తగదురా దారిలో
నిద్ర వలసెనేని నీకు వేరు
చదువువారు పెక్కు చనుదెంచు వేళలో
రాతగాడు వేచు రచ్చబండ

అవతారిక: పీఎఫ్ అనే ఫైర్‌వాల్ 2001లో ఓపెన్‌బీఎస్‌డీలో పుట్టింది. అప్పట్లో అక్కడ కెర్నెల్లో ఒకసారికి ఒక్క ప్రాసెసరే తిరిగేది. 2004లో ఫ్రీబీఎస్‌డీ 5.3లోకి వచ్చేసరికి ఇక్కడ ప్రాసెసర్లన్నీ ఒకేసారి కెర్నెల్లో తిరుగుతున్నాయి. ఏ తాళం ఎక్కడ వెయ్యాలో తోచని పోర్టింగ్ శిష్యుడికి గురువు చెప్పిన ఆటవెలది ఇది.

ప్రతిపదార్థం: తాళము ఊని = మ్యూటెక్స్ చేతబట్టి; నిద్ర = ఎప్పటికి తెములుతుందో తెలియని పడక; తగదురా = కూడదు, కాదంటే పానిక్; దారిలో = ప్యాకెట్ నడిచే దారిలో; వేరు = మరో జాతి తాళం, అనగా పట్టుకుని నిద్రపోదగిన ఎస్‌ఎక్స్; చదువువారు = రూల్స్ చూసుకుని పోయే ప్యాకెట్లు; రాతగాడు = రూల్స్ మార్చవచ్చిన పీఎఫ్‌సీటీఎల్.

టీక: మ్యూటెక్స్ కోసం ఆగినవాడు కూడా ప్రాసెసర్ వదిలి పక్కకు జరుగుతాడు గదా, అదీ నిద్రే కదా అని పూర్వపక్షం. కాదు. ఎదుటివాడు తాళం వదలడానికి ఆగడం వేచుట, దానికి హద్దుంది. మెమరీ దొరికేదాకానో, డిస్కు నుంచి పేజీ వచ్చేదాకానో ఒరగడం నిద్ర. యూజర్ బఫర్ నుంచి రూల్స్ తెచ్చే కాపీఇన్ ఇలాగే పేజీ ఫాల్ట్‌లో పడి నిద్రపోవచ్చు. అందుకే తొలి పోర్టులో పీఎఫ్_కాపీఇన్ అని ఒక మాక్రో పెట్టారు: తాళం వదులు, కాపీ చెయ్యి, మళ్ళీ పట్టు. ఆ సందులో ఇంకొకడు దూరి రూల్స్ మార్చిపోతేనో? వ్యాఖ్యాతకు ఈ మాక్రో మొదటినుంచీ గిట్టదు.

పేరు చూసి తాళం ఎంచుకునేవాడికి గతి లేదు. లినక్స్‌లో మ్యూటెక్స్ పట్టుకుని హాయిగా నిద్రపోవచ్చు. కాబట్టి లినక్స్ కోడ్‌ను ఇక్కడ నడిపించే ఫ్రీబీఎస్‌డీవారి లినక్స్‌కేపీఐలో అది ఎస్‌ఎక్స్‌గా మారింది. అక్కడి స్పిన్‌లాక్ వచ్చి ఇక్కడ మ్యూటెక్స్ అయి కూర్చుంది.

"రచ్చబండ" సార్థకం. 2014లో ఫ్రీబీఎస్‌డీ 10లో అంతదాకా పీఎఫ్ మొత్తానికీ ఉన్న ఒంటి మ్యూటెక్స్‌ను పగలగొట్టి, స్టేట్ టేబుల్‌లో వరుసకో మ్యూటెక్స్ ఇచ్చారు. రూల్స్‌కు మొదట ఆర్‌డబ్ల్యూలాక్, తరువాత ఆర్ఎంలాక్. ఆర్ఎంలో చదువరి తన ప్రాసెసర్ గుమ్మం దాటకుండానే పని కానిచ్చుకుంటాడు. ఖర్చంతా రాతగాడి నెత్తిన: ప్రాసెసర్లకు ఇంటరప్ట్ పంపి, లోపల చదివేవాళ్ళెవరైనా ఉన్నారా అని వాకబు చేసి, ఆఖరివాడు బయటికొచ్చేదాకా బండ దిగరాదు.

తాత్పర్యం: పట్టుకున్నవాడు నిద్రపోతాడా, వచ్చేవాళ్ళలో చదివేవారెందరు, రాసేవారెందరు అని అడిగి తాళం కొను.

పాఠాంతరం: "వేచు"కు మారుగా "చచ్చు" అని కొన్ని ప్రతుల్లో కనబడుతుంది. నిమిషానికోసారి రూల్స్ మార్చేవారి ఊళ్ళ నుంచి వచ్చిన ప్రతులు కాబోలు. గణాలూ యతీ చెడలేదు గనుక త్రోసిపుచ్చనూ లేము.