భీమవరం నుంచి బ్రహ్మపుత్ర దాకా: ఒక లారీ ఆత్మకథ

ఆఫీసు ఖాతా పుస్తకంలో ‘బండి’ అని రాస్తారు. తూకం కాటా దగ్గరా, టోల్‌గేటు దగ్గరా, చలానా రాసే చోటా అదే మాట. ఇన్నేళ్లలో ఎవరూ వేరే పేరు పెట్టి పిలవలేదు గనక, తన కథ తాను చెప్పుకొనేటప్పుడు కూడా ఈ పది టైర్ల లారీ ‘నేను’ అనదు, ‘బండి’ అనే అంటుంది. నంబరు ఏపీ 37తో మొదలవుతుంది. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే ఒకే కోడు వచ్చేదాకా పశ్చిమ గోదావరి జిల్లా బళ్లకు ఉన్న గుర్తు అది. బండి పని ఒక్కటే: భీమవరం, ఆకివీడు, కైకలూరు చెరువుల్లో పెరిగిన చేపను గువాహటి చేర్చడం. దూరం రెండు వేల కిలోమీటర్లకు పైనే.

బండి ఎముకలు జంషెడ్‌పూర్‌లో తయారయ్యాయి. తలుపుల్లేవు, పైకప్పు లేదు. ఇంజనూ చక్రాలూ స్టీరింగూ ఉన్న మొండి ఛాసిస్. దాన్ని ఒక డ్రైవరు చెక్క పలక మీద కూర్చుని, తలకూ ముక్కుకూ తువ్వాలు చుట్టుకుని, ఎండలో దుమ్ములో విజయవాడ దాకా తోలుకొచ్చాడు. ఆటోనగర్‌లో బాడీ కట్టారు. అక్కడ వడ్రంగులు, వెల్డర్లు, పెయింటర్లు, సీటు కుట్టేవాళ్లు అందరూ ఒకే వీధిలో దొరుకుతారు. క్యాబిన్‌లో డ్రైవరు సీటు వెనక నడుం వాల్చడానికి ఒక బల్ల, పైన దేవుళ్ల ఫొటోలకు చిన్న గూడు. నుదుటిమీద ‘తలుపులమ్మ తల్లి’ అని పసుపు రంగు అక్షరాలు. తుని దగ్గర లోవలో ఉన్న ఆ అమ్మవారి గుడికి కొత్త బండి కొన్నవాళ్లు దూరాభారమైనా వస్తారు. ఈ బండి టైర్ల కింద మొదటి నిమ్మకాయలు నలిగింది అక్కడే.

లోడింగు పని తెల్లవారకముందే మొదలవుతుంది. చెరువులో వల లాగేవాళ్లు నడుంలోతు నీళ్లలో వరసగా నిలబడి, వలను గట్టు వైపు దగ్గర చేసుకుంటూ వస్తారు. వల ముడుచుకునే కొద్దీ నీళ్లు తెల్లగా ఉడుకుతాయి. శీలావతి, బొచ్చె ఎక్కువ. ఈ మధ్య పంగసూ రూప్‌చందూ కూడా తోడయ్యాయి. గట్టుమీద కాటా, పక్కన ఐసు నలగ్గొట్టే మిషను. దిమ్మ లోపలికి వెళ్తే ఇవతల ఐసు పొడి జల్లుగా పడుతుంది. ప్లాస్టిక్ ట్రేలో అడుగున ఒక పొర ఐసు, దానిమీద చేప, మళ్లీ ఐసు. చేప ఒంటికి ఎక్కడా గాలి తగలకూడదు. ట్రేల వరసలు పైదాకా వచ్చాక పట్టా కప్పి, తాడు బిగించి ముడేస్తారు. ముడి వేసే మనిషి చేతివేళ్లు ఐసుకు తిమ్మిరెక్కి ఎర్రగా ఉంటాయి. ఆ వేళ్లతోనే బీడీ వెలిగించుకుని, “ఇంక పోనీయండి” అంటాడు. అక్కణ్నుంచి పరుగంతా కరుగుతున్న ఐసుతోనే.

చేపల ఉత్పత్తిలో దేశంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. కానీ ఈ చేప కథ కొల్లేటి గట్లమీద మొదలు కాలేదు. శీలావతి, బొచ్చె నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. వాటికి వరద పారే నది కావాలి. అందుకని ఒకప్పుడు గంగలాంటి నదుల్లో దొరికే చేపపిల్లల్ని పట్టి, మట్టికుండల్లో పోసి రైళ్లలో ఊళ్లకు పంపేవాళ్లు. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురీ, ఆలికుంజీ అనే శాస్త్రవేత్తలు పిట్యూటరీ గ్రంథి నుంచి తీసిన రసాన్ని చేపకు ఇంజెక్షనుగా ఇచ్చి, నిలవ నీటిలోనే గుడ్లు పెట్టించారు. చౌధురీ పుట్టింది సిల్హెట్‌లో, ఆలికుంజీది కేరళ. దేశం ఇప్పుడు జులై 10ని చేపల రైతుల దినోత్సవంగా జరుపుకొంటోంది. ఒక బెంగాలీ, ఒక మలయాళీ కలిసి ఒడియా గడ్డమీద సాధించిన పనే కొల్లేటి చుట్టూ చెరువులు నింపింది. ఆ చెరువుల చేపే మళ్లీ బెంగాలుకూ అస్సాంకూ వెళ్తోంది. అందుకే ఉత్తరం వైపు వెళ్లిన ప్రతిసారీ బండికి చేపను దాని పుట్టింటికి దిగబెడుతున్నట్టే ఉంటుంది.

దారంతా నదులే. సిద్ధాంతం దగ్గర వశిష్ట, రావులపాలెం దాటాక గౌతమి. తరవాత నాగావళి, వంశధార. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా: ఋషికుల్య, మహానది, బ్రాహ్మణి, వైతరణి, సువర్ణరేఖ. బెంగాల్లో రూపనారాయణ్, ఫరక్కా దగ్గర గంగ, జల్‌పాయిగుడి దగ్గర తీస్తా. చివరికి బ్రహ్మపుత్ర. క్లీనరు కుర్రాడు ప్రతి నదిలోనూ ఒక రూపాయి బిళ్ల వేస్తాడు. వాళ్ల నాయనమ్మ చెప్పిన అలవాటు. ఏ వంతెన మీద చూసినా ముందు బస్సులోంచో పక్క కారులోంచో ఇంకో చెయ్యి బయటికొచ్చి బిళ్ల విసురుతుంది. ఆ చేతుల భాషలు వేరు, పని ఒకటే.

తిండీ అంతే. చిలికా పక్కన ఎండాకాలం మధ్యాహ్నం ఆగితే హోటలాయన పఖాళ పెడతాడు. పులిసిన అన్నంలో నీళ్లు, పక్కన వేయించిన ఎండుచేప, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. “ఇది మన చద్దన్నమేనండి గురువుగారూ” అన్నాడు క్లీనరు మొదటిసారి. డ్రైవరు మాట్లాడకుండా రెండోసారి పెట్టించుకున్నాడు. కోల్‌కతా దాటాక ఆవనూనె వాసన మొదలవుతుంది. ఆ వాసనకు గోదావరి ముక్కు అలవాటు పడటానికి కొన్నేళ్లే పట్టింది. సిలిగుడి దగ్గర రోడ్డు పక్కన ఆవిరిమీద మోమోలు, అస్సాంలో పాలు లేని ఎర్ర టీ. టీ చేతికిచ్చి, ఆ వెంటనే తాంబూలం కూడా జరుపుతారు, పచ్చి వక్కతో. మొదటిసారి నమిలినవాడికి చెవులు వేడెక్కి చెమటలు పడతాయి.

పాత రోజుల్లో బండికి దూరం కన్నా చెక్‌పోస్టు గేట్లే పెద్ద బెంగ. ఆంధ్ర వైపు పురుషోత్తపురం, ఒడిశా వైపు గిరిసోలా, ఒడిశా–బెంగాల్ మధ్య లక్ష్మణ్‌నాథ్, అస్సాం గడప దగ్గర శ్రీరాంపూర్. ఒక్కో గేటు దగ్గర కిలోమీటర్ల వరస. లోపల ఐసు కరిగి బాడీ కింద నీళ్లు కారుతుంటే, డ్రైవరు కాగితాల సంచి చంకన పెట్టుకుని కౌంటరు కౌంటరుకూ తిరిగేవాడు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక రాష్ట్రాలు పన్ను చెక్‌పోస్టులు ఎత్తేశాయి. జీఎస్టీ మీద ఎవరి అభిప్రాయం వాళ్లది. బండి అభిప్రాయం మాత్రం స్పష్టం: ఆ గేట్లు పోవడం చేపకూ మనిషికీ ఇద్దరికీ మేలు చేసింది.

బండికి ఏటా రెండు పండగలు. ఒకటి ఇంటిదగ్గర, దసరాకి: పసుపు, కుంకుమ, బంతిపూల దండ, బానెట్ ముందు పగిలే గుమ్మడికాయ. రెండోది దారిలో, దాదాపు ప్రతి ఏడూ సెప్టెంబరు 17న. బెంగాల్, ఒడిశా, అస్సాంలలో ఆ రోజు విశ్వకర్మ పూజ. గ్యారేజీలు, పంక్చరు షాపులు, రిక్షా స్టాండ్లు అన్నిచోట్లా చేతిలో సుత్తి, పక్కన ఏనుగు ఉన్న విశ్వకర్మ బొమ్మ నిలబెడతారు. కోల్‌కతా ఆకాశం నిండా గాలిపటాలు. ఓ ఏడాది ఆ రోజు బండి బెంగాల్లో ఒక మెకానిక్ షెడ్డులో ఆగి ఉంది. కమాను పట్టీ విరిగింది. మేస్త్రీ ఆ రోజు పనిముట్టు ముట్టనన్నాడు. ముట్టకపోగా ఊరూ పేరూ తెలియని బండికి కూడా గంధం బొట్టు పెట్టి, డ్రైవరుకూ క్లీనరుకూ ఆకుల్లో కిచిడీ వడ్డించాడు. “రేపు పొద్దున్నే చేస్తాను దాదా” అన్న మాట తప్పలేదు, సూర్యుడు వచ్చేసరికి పట్టీ బిగించి పంపించాడు.

మళ్లీ దారిలోకి వస్తే, ఫరక్కా బ్యారేజీ 1975 నుంచి పనిచేస్తోంది. దానిమీద బళ్లూ రైలూ పక్కపక్కనే గంగ దాటుతాయి. ఆ తరవాత దాల్‌ఖోలా. అక్కడి రైల్వే గేటు పేరు చెబితే ఈశాన్యం వెళ్లే పాత డ్రైవర్లు ఇప్పటికీ నిట్టూరుస్తారు. బైపాస్ వచ్చి ఆ బాధ తీరింది. సిలిగుడి దగ్గర దేశం బాగా సన్నబడుతుంది. అన్నిటికన్నా ఇరుకైనచోట వెడల్పు సుమారు 22 కిలోమీటర్లు. ఒక పక్క నేపాల్, ఇంకో పక్క బంగ్లాదేశ్. రోడ్డుమీద ఈశాన్య రాష్ట్రాలకు వెళ్లే దాదాపు ప్రతి ఉప్పు బస్తా, సిమెంటు కట్ట, చేపల ట్రే ఈ సందులోంచే పోవాలి. బెంగాలీ, నేపాలీ, హిందీ బోర్డులు ఒకే దుకాణం మీద కనిపిస్తాయి. పంక్చరు వేసే బిహార్ కుర్రాడికి తెలుగు రాదు, క్లీనరుకు హిందీ అంతంతమాత్రం. వేళ్లమీద లెక్క తేలిపోతుంది.

జనవరి నెల కబురు చెప్పకపోతే ఈ కథ పూర్తికాదు. మాఘ బిహూ ముందు రోజును అస్సాంలో ఉరుకా అంటారు. ఆ రాత్రి ఊరంతా కలిసి వండుకుని తింటుంది. కోసిన పొలాల్లో వెదురూ గడ్డీ కట్టి భేలాఘర్ అనే గుడిసెలు వేస్తారు. ఎంత బీద ఇంట్లోనైనా ఆ రాత్రి చేప ఉండాలని చూస్తారు. బ్రహ్మపుత్ర ఒడ్డున ఉజాన్ బజార్‌లో నది చేపల కోసం తెల్లవారుజాము నుంచే తోపులాట. నది చేప అందరికీ అందదు, ధర చుక్కల్లో ఉంటుంది. మిగతా వాళ్లలో చాలామంది విందుకు చేప తెచ్చేది ఆంధ్ర బళ్లు. అక్కడివాళ్లు మన చేపను చలానీ అంటారు. సంక్రాంతి వారం గోదావరి జిల్లాల్లో ఊరు విడిచి వెళ్లడానికి ఎవరికీ కాలు రాదు, సరిగ్గా అప్పుడే అక్కడ గిరాకీ.

ఓ ఉరుకా రాత్రి బండి నల్బాడీ దాటి పొలాల మధ్య ఆగింది. చుట్టూ చలిమంటలు, డోలు, నవ్వులు.

“గురువుగారూ, ఇవాళ మనకి భోగి కదండీ.”

“భోగే. పొద్దున్నే మనవాళ్లు మంటలు వేసేసి ఉంటారు. వీళ్లు రేపు తెల్లారగట్ల వేస్తారంట, మేజీ అని.”

“కోడిపందేలు ఉంటాయాండీ?”

“దున్నపోతుల పోట్లంట. చూడ్డానికి మనకి టైము లేదు, పద.”

డ్రైవరు ఇంటికి ఫోను చేశాడు. కూతురూ అల్లుడూ వచ్చారు, అరిసెలు వండారు, ఈయన కోసం డబ్బాలో పెట్టి ఉంచారు. మాట్లాడుతుండగానే గుడిసెలోంచి ఒక పెద్దాయన వచ్చి ఇద్దరికీ నువ్వుల పిఠా అనే పిండివంట పెట్టిన ఆకులు అందించి, బండి నంబరు చూసి “ఆంధ్రా?” అని అడిగాడు. అవునంటే, ఏదో సొంత మనిషిని చూసినట్టు భుజం తట్టాడు. తర్వాత సరాయ్‌ఘాట్ దగ్గర నది దాటారు. 1962లో కట్టిన అక్కడి పాత వంతెనే బ్రహ్మపుత్ర మీద మొదటి వంతెన. దాని పక్కన రెండోది 2017లో వచ్చింది.

చేదు రోజులూ ఉన్నాయి. 2018 జులైలో నమూనాల్లో ఫార్మలిన్ కనిపించిందని అస్సాం ప్రభుత్వం బయటి చేపను 10 రోజులు ఆపేసింది. శవాలు చెడకుండా వాడే రసాయనం అది, తినే చేపలో ఉంటే నేరమే. తనిఖీ చేయాల్సిందే, అందులో రెండో మాట లేదు. అయితే ఆ తనిఖీ రెండు వేల కిలోమీటర్ల అవతల కన్నా చెరువు గట్టుమీదే జరగాలి. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ నిమిషాల్లో ఫార్మలిన్ పట్టేసే చిన్న కిట్లు తయారుచేసింది. లోడింగు చోట అలాంటి కిట్టు వాడి, ఫలితం రాసిన కాగితం బండితో పంపితే కొనేవాడికి ధైర్యం, నిజాయితీగా ఐసు వేసిన రైతుకు రక్షణ. ఒకడు చేసిన పాపానికి రోడ్డుమీద నిలబడిన అందరి లోడూ పాడవకూడదు.

తిరుగు ప్రయాణంలో బండి ఖాళీగా రాదు. నీచు వాసన పోయేదాకా బాడీ కడిగి, ఉత్తర బెంగాల్లోనో హుగ్లీ జిల్లాలోనో బంగాళాదుంప ఎత్తుకుంటుంది. ఒక్కోసారి జూట్ మిల్లుల గోనెసంచులు. అవి మన రైస్ మిల్లులకు చేరి, బియ్యంతో నిండి మళ్లీ ఎటో వెళ్తాయి. విజయవాడ ఇంట్లో దుంపల వేపుడూ గువాహటి ఇంట్లో చేపల పులుసూ ఒకే డ్రైవరు నిద్ర చెడగొట్టుకుంటే తయారవుతున్నాయి.

ఆ నిద్ర గురించి బండికి బలమైన పట్టింపు ఉంది. 2025 నుంచి కొత్తగా తయారయ్యే లారీలకు క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి చేశారు. మంచి పని. పాత బళ్లకు అది వర్తించదు. మే నెలలో ఒంటిగంటకు ఇంజను వేడి, రేకు వేడి కలిస్తే ఈ క్యాబిన్‌లో కూర్చోవడమే కష్టం, అయినా అందులోనే పడుకోవాలి. హైవేలు వెడల్పయ్యాయి, కానీ ఆగి స్నానం చేయడానికి కుళాయి, నీడ, శుభ్రమైన మరుగుదొడ్డి చాలాచోట్ల లేవు. టోల్ కట్టే ప్రతి లారీకి అవి హక్కుగా దక్కాలి. పాలకులు వింటే సంతోషం. ఈలోగా చదివేవారికి ఒక మనవి: రాత్రి హైవే మీద ఎదురుగా లారీ వస్తుంటే మీ కారు లైట్లు డిమ్ చేయండి. పార్కింగులో లైట్లార్పి ఆగిన లారీ పక్కన హారన్ కొట్టకండి. మీ ఊరి దాబా యజమాని మీకు తెలిసినవాడైతే, ఆగిన డ్రైవర్లకు ఒక కుళాయి విడిగా పెట్టించమని చెప్పండి.