గుంపు మేస్త్రి

నిజామాబాద్‌లో మా గల్లీ పెద్దమనిషి ఒకాయన ఈమధ్య లాబ్రడార్‌ను తెచ్చుకున్నాడు. దాంతోపాటు ఒక సిద్ధాంతాన్ని కూడా పెంచుతున్నాడు. "కుక్కకు మనమే లీడర్ అని తెల్వాలె సార్. మనం తిన్నంకనే దానికి పెట్టాలె. దర్వాజ ముందుగాల మనమే దాటాలె. ఇనకుంటే ఎల్లెలుకల పండవెట్టి మెడ అదిమి పట్టాలె!" అంతా ఫోన్‌లో నేర్చిన విద్య. ఇంట్లో ఆయన మాట వినేవాళ్లు లేక లాబ్రడార్ దొరికింది, పాపం.

ఈ విద్యకూ ఒక స్థలపురాణం ఉంది. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే పరిశోధకుడు, జూలో బంధించిన తోడేళ్ల కొట్లాటలు చూసి పెత్తనం సంగతి రాశాడు. బోధన్ బస్సులో సీటు కోసం జరిగే యుద్ధం చూసి నిజామాబాద్ కాపురాల మీద గ్రంథం రాసినట్టన్నమాట. డేవిడ్ మీచ్ అనే మరో పరిశోధకుడు 1970లో తన పుస్తకంతో ఆ మాటను లోకమంతా పాకించాడు. తోడేళ్ల పెత్తనం అట్లా కుక్కలకూ అంటుకుంది. తర్వాత ఆయనే అడవి తోడేళ్లను ఏళ్ల తరబడి గమనించి, గుంపంటే అమ్మానాన్నా పిల్లలేనని 1999లో దిద్దుకున్నాడు. పాత పుస్తకం ఇక అచ్చేయొద్దని ప్రచురణకర్తల వెంటపడ్డాడు. ఆ కబురు మా గల్లీకి ఇంకా అందలేదు.

చెరుకుతోట కావలికి పోయే రైతును చూడండి. సద్దిలో జొన్నరొట్టె తాను సగం, కుక్క సగం. ముందెవరు తిన్నారో లెక్కలేదు. అడవిపంది అలికిడైతే మాత్రం ఒక్క ఈలకు లేచి ఉరుకుతుంది. కిటుకు పెద్దదేం కాదు. "కూర్చో" అనగానే కూర్చుంటే ఆ క్షణమే నోటికో ముక్క. ఇంటిల్లిపాదీ వాడేది అదే మాట. దగ్గరికి పిలిచి మాత్రం ఎన్నడూ కొట్టొద్దు. కొడితే రేపు పిలుపు వినగానే మంచం కిందికి దూరుతుంది. కుక్క చూసేది మెడ మీది చేతిని కాదు, మాట మీది నిలకడను.

ఆ లెక్కన బోధన్ పోదాం. శక్కర్‌నగర్‌లో ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. తెరిపిస్తామని ఎన్నికల్లో ఎన్ని గొంతులు పిలిచాయో! పిలిచినప్పుడల్లా తోకాడించుకుంటూ పోయింది మనమే. అదే లాబ్రడార్ అయితే, వట్టి చేత్తో రెండుసార్లు పిలిస్తే మూడోసారి తల కూడా తిప్పదు.

లీడర్ ఎట్లుండాలో దానికి మనం నేర్పుతామట!