కరక్కాయ రీచ్ ఎంత?

కళాకారులకు ఆదివారం సాయంత్రం కొత్త పూజ ఒకటి వచ్చిపడింది. ఫోన్ ఎదురుగా పెట్టుకుని, వారమంతా తాము చేసుకున్న మార్కెటింగ్‌ను సమీక్షించుకోవాలట. ఎన్ని పోస్టులు పెట్టాం, ఎందరు చూశారు, ఎందరు సేవ్ చేసుకున్నారు, ఏ రీల్ పేలింది, ఏది తుస్సుమంది, వచ్చే వారం ఏం మార్చాలి... అన్నీ గళ్ల షీటులో నింపాలి. నింపనివాడికి ఎంత కళ ఉన్నా కాసు రాలదని మార్కెటింగ్ కోచ్‌ల ఉవాచ. షీటు ఉచితమే. దాన్ని నింపడం నేర్పే వర్క్‌షాపుకే ఫీజు. తమ మార్కెటింగ్‌ను మాత్రం వాళ్లు బాగానే సమీక్షించుకున్నట్టున్నారు.

ఈ పూజను ఒకసారి శ్రీకాళహస్తిలో చేయించి చూద్దాం. కలంకారీ వేసే ఒకావిడ కోచ్ గారి మాట నమ్మి షీటు తెరిచిందనుకోండి.

మొదటి వారం: గంజి పోయేదాకా బట్ట ఉతికింది. కరక్కాయ పొడి, గేదె పాలు కలిపి అందులో ముంచి ఆరేసింది. పాల జిడ్డు పట్టిన బట్ట మీదయితేనే కలం గీత పక్కకు పాకదు. పోస్టులు సున్నా. కోచ్ గారు నొచ్చుకున్నారు. "ప్రాసెస్ చూపించండమ్మా, జనం ప్రాసెస్‌ను ఇష్టపడతారు" అన్నారు. చూపించింది. దండెం మీద బట్ట ఆరుతూ ఉంది. ఇంకా ఆరుతూ ఉంది. మొదటి మూడు సెకన్లలో హుక్ లేదని షీటు తేల్చింది.

రెండో వారం: బెల్లం నీళ్లలో తుప్పు పట్టిన ఇనప ముక్కలు వేసి మూత పెట్టిన కుండ మూలన పులుస్తోంది. కలంకారీ నల్లరంగు అలాగే పుడుతుంది, రెండు మూడు వారాలు పడుతుంది. కిందటి వారంతో పోల్చితే ప్రగతి: కంపు పెరిగింది. రంగు సరిగ్గా తయారవుతోందనడానికి అదే గుర్తని ఆవిడకు తెలుసు. షీటులో ఆ గడి లేదు.

మూడో వారానికి చింతబొగ్గుతో బొమ్మ గీసి, దాని మీద వెదురు కలంతో నల్లగీత వేసింది. ఎరుపు రావలసినచోట పటిక పూసింది. ఆ తర్వాత ఉతకాలి. పారే నీళ్లలోనే ఉతకాలి. స్వర్ణముఖిలో నీళ్లుంటే సరే, లేకపోతే నీళ్లున్న చోటు వెతుక్కోవాలి. ఉడకబెట్టాలి, పేడనీళ్లలో నానేసి ఎండలో పరిచి తెలుపు తేల్చాలి. పేడ దగ్గర కోచ్ గారికి ధర్మసందేహం వచ్చింది. చూపిస్తే బ్రాండ్ పరువు పోతుందా, లేక పర్యావరణహితం అంటూ ట్రెండ్ అవుతుందా? జవాబు ఆ వారం అల్గారిదం బుద్ధిని బట్టి ఉంటుంది. 2020 జూన్ ఆఖరున టిక్‌టాక్‌ను నిషేధించారు, జూలైలో ఇన్‌స్టాగ్రామ్ మన దేశంలో రీల్స్ తెచ్చింది. అంతదాకా ఫొటోలు చక్కగా తీయమన్న నోళ్లే ఆ తర్వాత కళాకారుల్ని కెమెరా ముందు చిందులేయమన్నాయి. పదేళ్లు కూర్చుని చెయ్యి తిప్పడం నేర్చుకున్న మనిషిని లేచి నడుం తిప్పమన్నారు.

ఇక లెక్కల సంగతి. చేత్తో వేసే చీరలు ఒక మనిషి ఎన్నని అమ్మగలదు? కిందటి వారం ఒకటి అమ్మింది, ఈ వారం రెండు: నూరు శాతం వృద్ధి, అభినందనలు. మరుసటి వారం ఏమీ అమ్మలేదు: ఘోర పతనం, అత్యవసర సమీక్ష. ఒకటీ రెండూ సున్నాల మీద శాతాలు కట్టేవాడిని పూర్వం బడిలో బల్ల ఎక్కించేవారు, ఇప్పుడు వేదిక ఎక్కిస్తున్నారు. పైగా చీరల అమ్మకానికి వారాలు తెలియవు, పంచాంగం తెలుసు. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం, పెళ్లిళ్లు, ఆ తర్వాత దసరా, దీపావళి. మూఢాల్లో ముహూర్తాలుండవు, పెళ్లి బేరాలూ ఉండవు. శ్రావణం రాగానే గ్రాఫు దానంతటదే లేస్తుంది. ఆ లేవడం తాను మార్పించిన హ్యాష్‌ట్యాగ్ మహిమేనని కోచ్ గారు తన ప్రచారంలో వాడుకుంటారు. మూఢంలో పడిపోతే ఆవిడకు క్రమశిక్షణ లేదంటారు. గెలుపు హ్యాష్‌ట్యాగ్‌ది, ఓటమి మనిషిది!

కళాకారుడికి అమ్ముకోవడం కొత్తగా వచ్చిన విద్యేమీ కాదు. రాజా రవివర్మ తన బొమ్మలు రాజమహళ్లు దాటి జనం ఇళ్లకు చేరాలని 1894లో బొంబాయిలో లిథో ప్రెస్సు పెట్టాడు. మన అమ్మమ్మల పూజగదుల్లో లక్ష్మీ సరస్వతులకు ఆయనే రూపమిచ్చాడు. ఏ రీలుకూ అంత రీచ్ వచ్చి ఉండదు. ఆ ప్రెస్సే ఆయన్ను అప్పుల పాలు చేసింది. కొన్నేళ్లకే దాన్ని జర్మన్ సాంకేతిక నిపుణుడు ఫ్రిట్జ్ ష్లైషర్‌కు అమ్ముకోవలసి వచ్చింది. ఆ తర్వాత కూడా బొమ్మలు లక్షణంగా ఇల్లిల్లూ చేరాయి. డబ్బు చేరింది కొనుక్కున్నవాడి గల్లాపెట్టెకు. కోచ్ గారి షీటులో రీచ్‌కు గడి ఉంది, రీచ్ వల్ల వచ్చిన సొమ్ము ఎవరికి ముట్టిందన్న గడి ఎందుకో లేదు.

ఆ గడి పెడితే బాగుండదు మరి. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు వచ్చి చాలా ఏళ్లయింది. మచిలీపట్నం అద్దకానిది వేరే గుర్తింపు; అక్కడ చెక్క అచ్చులతో వేస్తారు, అదీ అసలు కలంకారీయే. ఈ రెండూ కాని సరుకు ఒకటుంది. డిజిటల్ ప్రింటు మిషన్ మీంచి మీటర్లకొద్దీ దిగి, 'కలంకారీ' అన్న పేరుతోనే కొన్ని వందల రూపాయలకు ఫోన్లోకి వచ్చి కూర్చుంటుంది. నెల్లాళ్లు పట్టిన చీర పక్కన దాన్ని పెట్టి, మీదెందుకు అంత ఖరీదని ఆవిడనే నిలదీస్తాం. ఇక వేలానికి బొమ్మ విరాళంగా ఇమ్మనేవాళ్లు, "మీకూ పబ్లిసిటీ కదండీ" అంటూ ఉచితంగా వర్క్‌షాపు పెట్టించుకునేవాళ్లు, సరుకు తీసుకెళ్లి అమ్ముడయ్యాక ఇస్తామని ఏడాదిగా ఫోనెత్తని షాపువాళ్లు. ఈ నష్టాలేవీ డ్యాష్‌బోర్డులో కనిపించవు. కనిపించేదల్లా మంగళవారం ఆవిడ పోస్టు పెట్టలేదన్న సంగతి.

అలాగని కళాకారులు తక్కువ తిన్నారని నేననను. కొందరు పోస్టు కింద ధర రాయరు. అడిగితే "డీఎం" అంటారు. డీఎం చేస్తే రెండు రోజులకు జవాబిస్తారు, ఆలోగా అడిగినామె మిషన్ చీర కొనేసి ఉంటుంది. వారానికోసారి కూర్చోవాలంటే కూర్చోండి. దానికి రూళ్ల పుస్తకం ఒకటి చాలు. ధర అడిగి కొననిదెవరు, ఇంతకుముందు కొన్నవాళ్లలో పలకరించనిదెవరిని, ఏ షాపు ఎంత బాకీ, ఈ వారం ఎవరికి ఫోన్ చేయాలి. ఫొటో పెట్టేటప్పుడు బట్ట తిరగేసి వెనకవైపు కూడా చూపించండి. చేత్తో వేసిన రంగు లోపలికి దిగుతుంది, ప్రింటుకు వెనక్కి తిప్పితే వెలవెలబోయే ముఖం ఉంటుంది. ధర కింద ఎన్నాళ్లు పట్టిందో రాయండి. అరగంట పని. మిగతా ఆదివారం తలంటుకోండి, పడుకోండి.

కొనేవాళ్లకు కూడా ఒక మనవి. కామెంట్లో "పీపీ" అని ధర అడుగుతారు, ఆవిడ జవాబిస్తుంది, మీరు మాయమవుతారు. కొనకపోతే ఫరవాలేదు. "ఇప్పుడు వద్దండీ" అని ఒక్క ముక్క రాయండి. ఆవిడ మీ పేరు కొట్టేసి పని చూసుకుంటుంది.