హ్యాండిలు పద్యానికి టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది):

తిప్పినపుడు నడుమ దిగబడు హ్యాండిలు
బ్రేకు పట్టి యూప వెడలు టక్కు
పాత గుండ్లు తీసి పారవేసి గ్రీజు
మెత్తి కొత్త వేసి మితము బిగువు

అవతారిక: పాత మౌంటెన్ బైకు గల గృహస్థొకడు, సైకిలు తన మాట వినకుండా తిన్నగా పోవాలని పట్టుబడుతోందని, పోనీ చేతులు వదిలితే తూలుతోందని మెకానిక్కుతో మొర పెట్టుకున్నాడు. అప్పుడు మెకానిక్కు అతనికి చేసిన ఉపదేశం ఈ పద్యం. మూలంలో లేనిది రాయనని కొలాచలం మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. ఈ టీకాకారుడికి ఆ నియమం లేదు. మూలంలో చాలా సంగతులు లేవు మరి.

ఈ వాహనానిది గ్రీజు గోత్రం. కాలిఫోర్నియాలోని మరిన్ కౌంటీలో, టామల్‌పయస్ కొండ చెంత, 1976లో కొందరు కుర్రాళ్లు పాత సైకిళ్ల మీద వాలు పందేలు మొదలుపెట్టారు. ఒక్కసారి దిగేసరికి వెనక హబ్బులో ఉన్న బ్రేకు వేడికి గ్రీజంతా కాలి పొగైపోయేది. మళ్లీ విప్పి గ్రీజు కూరితే గాని ఇంకో దిగుడు లేదు. ఆ దారికి ‘రీప్యాక్’ అని పేరు వచ్చింది అందుకే. అలాంటి వంశంలో పుట్టిన బండిని పదేళ్లపాటు గ్రీజు చూపకుండా తోలడం అపచారం.

ప్రతిపదార్థం: తిప్పినపుడు = ముందు చక్రాన్ని నేల మీంచి ఎత్తి, రెండు వేళ్లతో మెల్లగా తిప్పినపుడు (నేల మీద ఉంచి తిప్పితే టైరు రాపిడి తెలుస్తుంది, రోగం తెలియదు); నడుమన్ = చక్రం తిన్నగా ఉండే చోట; దిగబడు = గాడిలో పడినట్టు ఆగే; హ్యాండిలు = హ్యాండిలు; బ్రేకు పట్టి = ముందు బ్రేకు పట్టి (వెనకది పట్టి ఊపేవాడికి ఈ శాస్త్రంలో అధికారం లేదు); ఊపన్ = బండిని ముందుకీ వెనక్కీ కదపగా; టక్కు = టక్కుమనే చప్పుడు; వెడలున్ = బయలుదేరును; గుండ్లు = హెడ్‌సెట్‌లోని (అంటే హ్యాండిలు తిరిగే మెడ బేరింగులోని) ఉక్కు బాల్సు; మెత్తి = పిసినారితనం లేకుండా పూసి; కొత్త = కొత్త గుండ్లు; మితము బిగువు = మితమైన బిగింపు. ఇక్కడ ‘చేయుము’ అని అధ్యాహారం చేసుకోవాలి. కవి క్రియాపదం మరిచిపోయాడు. పని చేసేవాడు మరవకూడదు.

రెండో పాదంలో బ్రే, వె లకు యతి చెల్లింది, సందేహం వద్దు. టక్కులో శ్లేష ఉంది. టక్కు అంటే మోసం కూడా. సస్పెన్షన్ ఫోర్కులో బుష్షులు అరిగినా అచ్చం ఇదే చప్పుడు వస్తుంది. గుండ్లు కూర్చునే కింది కప్పుకీ ఫోర్కు మెడకీ మధ్య సందు మీద వేలు ఆనించి ఊపి చూడాలి. అక్కడ కదలిక తగిలితే దోషం హెడ్‌సెట్‌ది. తగలకపోతే హెడ్‌సెట్ నిర్దోషి.

తాత్పర్యం: హ్యాండిలు నడుమ పట్టినా, ఊపితే చప్పుడు చేసినా, మెడలోని బాల్సు మార్చి, గ్రీజు పెట్టి, అతిగా బిగించకుండా బిగించాలని భావం. అలంకారం స్వభావోక్తి.

విశేషాలు: ‘నడుమ’ అన్న మాట దగ్గర వ్యాఖ్యాతలకు పెద్ద వివాదం ఉంది. గుంటల్లో పడీ రాళ్ల మీద ఎగిరీ గుండ్లు సుత్తుల్లా కొట్టడం వల్ల కప్పులో సొట్టలు పడతాయని పూర్వపక్షం. నిక్షేపంగా ఉంది గాని నిలవదు. చక్రం హబ్బులోని బేరింగులూ అవే గుంటల్లో పడుతున్నాయి. వాటికి ఇలా వరసగా సొట్టలు పడవేం? ‘ది బైసికిల్ వీల్’ గ్రంథకర్త జాబ్‌స్ట్ బ్రాంట్ ఈ దెబ్బల వాదాన్ని గట్టిగా ఖండించాడు. సిద్ధాంతం ఏమంటే, హబ్బులో గుండ్లు చుట్టూ తిరుగుతూ గ్రీజును కూడా తిప్పుతాయి. హెడ్‌సెట్‌లో గుండ్లు ఎక్కడికీ పోవు. తిన్నగా పోయే దారిలో గంటల తరబడి ఒకే చోట కూర్చుని, ఫోర్కు సన్నగా వంగి లేచినప్పుడల్లా వెంట్రుకవాసి కదులుతాయి. ఆ కదలికకు గ్రీజు పక్కకు తప్పుకుంటుంది గాని తిరిగి రాదు. ఉక్కు ఉక్కును రాసుకుని, గుండు కూర్చున్న చోటల్లా ఒక గుంట తయారవుతుంది. రైలు మీద రవాణా చేసిన కార్లు ఒక్క గజం నడవకుండానే చక్రాల బేరింగుల్లో ఇవే గుంటలతో దిగిన సంగతి పాత ఇంజినీర్లు ఎరుగుదురు. బేరింగుకు తిరగకపోవడమే రోగం. బండి ఎక్కువగా తిన్నగానే పోతుంది కాబట్టి గుంటలన్నీ ఆ స్థానంలోనే పడతాయి, హ్యాండిలు అక్కడే దిగబడుతుంది. కవి ‘నడుమ’ అన్నది పాదపూరణకు కాదు.

ముందు పాడయ్యేది మెడలోని పై బేరింగా కింది బేరింగా అన్నది కవి చెప్పలేదు. కిందిదే ముందు పోతుంది. బరువు మోసేది అది, ముందు చక్రం చిమ్మే బురదనీళ్లు తాగేదీ అదే.

‘తీసి’ అన్న రెండక్షరాల్లో కవి సగం పూట పనిని దాచాడు. ముందు చక్రం విప్పి, బ్రేకు కేబులు వదులు చేసి, కింద గుడ్డ పరచాలి. మరలున్న పాతరకం హెడ్‌సెట్ అయితే లాక్‌నట్టుకీ, దాని కింద గుండ్లను నొక్కే కోనుకీ పలుచని పానాలు కావాలి. ఫోర్కు గొట్టం 1 అంగుళం అయితే 32 మిల్లీమీటర్లది, 1⅛ అంగుళం అయితే 36ది. ఫోర్కు దింపేటప్పుడు గుండ్లు జలజలా రాలతాయి. ఒకటి బీరువా కిందికి దొర్లినా బెంగ వద్దు, ఎలాగూ పారేసేవే. అయితే పారేసే ముందు ఒక గుండును కొలిపించుకోవాలి. ఈ రెండు సైజుల్లోనూ ఎక్కువగా ఉండేది 5/32 అంగుళం. పాతవి కిరసనాయిలుతో కడిగి మళ్లీ వేద్దామనే పొదుపరులు ఉన్నారు. అరిగిన గుండ్లలో కొత్తది ఒకటీ రెండూ కలిపితే బరువంతా ఆ పెద్దవాటి మీదే పడుతుంది.

గుండ్లను పట్టి ఉంచే రేకు చట్రాన్ని తలకిందులుగా పెట్టడం ఈ పనిలో సర్వసాధారణం. రేకు కప్పుకీ కోనుకీ దేనికీ తగలకూడదు. చేత్తో తిప్పితే కరకరమంటే తిరగేయాలి. చట్రం మానేసి విడి గుండ్లే వేసే సంప్రదాయం ఇంకొకటి ఉంది, నా ఓటు దానికే. విడిగా వేస్తే ఎక్కువ పడతాయి, వాటి ఎడం మారుతుంది. అందువల్ల అన్నీ ఒకేసారి పాత గుంటల్లో కూర్చోలేవు, హ్యాండిలు మళ్లీ హాయిగా తిరుగుతుంది. కిక్కిరిసేలా నింపకుండా కాస్త సందు మిగలాలి.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో ‘మిగుల బిగువు’ అని ఉంది. యతి చెల్లుతుంది, గణాలూ సరిపోతాయి, బేరింగు మాత్రం బతకదు. పొడుగు పానా చేతికందిన లేఖకుడెవరో దిద్దిన పాఠం ఇది. సరైన బిగువుకు లక్షణం ఏమంటే, బ్రేకు పట్టి ఊపితే టక్కు ఉండకూడదు, చక్రం ఎత్తి బండిని కాస్త వంచితే హ్యాండిలు తనంతట తాను పక్కకు వాలాలి. లాక్‌నట్టు బిగించేటప్పుడు కోను కదిలి లెక్క తప్పుతుంది కాబట్టి దాన్ని రెండో పానాతో పట్టుకోవాలి. 1990ల నుంచి వాడుకలోకి వచ్చిన మరలు లేని రకంలో, స్టెమ్ పక్క బోల్టులు వదులు చేసి, పై మూత బోల్టుతో బిగువు చూసి, ఆ తర్వాత పక్క బోల్టులు బిగించాలి. వరస తిరగబడితే పై బోల్టును ఎంత తిప్పినా ఫలం సున్నా. ఒకసారి తిరిగొచ్చాక మళ్లీ ఊపి చూడాలి, కొత్త సామాను కాస్త సర్దుకుంటుంది.

చివరిగా పాఠకుడికి ఒక మాట. కడిగిన కప్పులో, ఫోర్కు మెడ మీది రింగులో గోటి కొన నడిపించి చూడండి. గుంట గోటికి తగిలిందంటే ఈ పద్యం మీకు వర్తించదు, విడి గుండ్లతో కొన్నాళ్లు నెట్టుకురావచ్చు, అంతే. కప్పులూ కోనూ రింగూ కలిసిన పూర్తి సెట్టు కొనండి, పాతది వెంట పట్టుకెళ్లి కొలిపించి మరీ కొనండి.